మారే ప్రపంచంలో ఎగుమతి సరుకు

గోదావరి ముఖద్వారంలో యానాం చుట్టుపక్కల గానీ, ఒడిశాలో గంజాం తీరాన గానీ ఒక రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి చూడండి. ప్రపంచ రాజకీయం ఎక్కడా కనిపించదు. ఏరియేటర్లు తిరుగుతూ ఉంటాయి, మేత చల్లే మనిషి తన పని చేసుకుపోతుంటాడు. కాని 2025 ఏప్రిల్ 2న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ట్రంప్ కొత్త దిగుమతి సుంకాలు ప్రకటించిన వారంలోనే మన తీరాన కొనుగోలుదారులు రొయ్యల ధర తగ్గించేశారు. విశేషమేమిటంటే, ఆ సుంకం అప్పటికింకా పూర్తిగా అమలులోకే రాలేదు. వారం తిరగకుండా దానిని తొంభై రోజులు వాయిదా కూడా వేశారు. అయినా చెరువు దగ్గర ధర పడిపోవడానికి ఒట్టి ప్రకటనే సరిపోయింది.

దేశాల మధ్య తగవులు వ్యాపారాన్ని ఎలా తాకుతాయి, తాకినప్పుడు మనబోటివాళ్ళు చేయగలిగినది ఏమిటి అన్నదే ఈ ప్రసంగానికి విషయం. పెద్ద కంపెనీలకు ఈ విషయం చెప్పడానికి సలహాదారులు ఉంటారు. షోలాపూరులో తువ్వాళ్ళు నేసేవారికీ, తిరుపూరులో బనియన్లు కుట్టించేవారికీ, బళ్ళారిలో జీన్సు పాంట్ల యూనిట్ నడిపేవారికీ, తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల్లో వరి పండించేవారికీ చెప్పేవారు తక్కువ. అందుకని ఒక్క రొయ్య కథనే కాస్త వివరంగా తీసుకుందాం. దాని ఆనుపానులు పట్టుకుంటే మిగతా సరుకుల సంగతి మీరే పోల్చుకోగలరు.

ముందుగా ఒక మాట. ఇదంతా కొత్తగా వచ్చిన ఉపద్రవం అనుకోవద్దు. నరసాపురం దగ్గర మాడపోలం అనే ఊరు ఉండేది. అక్కడ ఇంగ్లీషు కంపెనీ వారి గిడ్డంగి ఉండేది. ఆ ప్రాంతంలో నేసిన తెల్లగుడ్డ యూరప్‌లో ఎంత పేరు పొందిందంటే, ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో ఇప్పటికీ ఒక రకం గుడ్డను మాడపోలం అనే అంటారు. ఊరు వెనకబడింది, పేరు నిలిచింది. మరమగ్గాల మీద చవకగా తయారైన లాంకషైర్ గుడ్డ వచ్చిపడింది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ తన వ్యాపారాన్నే చుట్టిపెట్టింది. బయానా ఇచ్చేవాడూ అతడే, కొనేవాడూ అతడే అయినప్పుడు, అతడు వెళ్ళిపోతే నేతగాడికి మిగిలేది మగ్గం మాత్రమే.

రెండో ఉదాహరణ మన కళ్ళముందు జరిగింది. భారత, సోవియట్ దేశాల మధ్య 1953 డిసెంబరులో వ్యాపార ఒప్పందం కుదిరింది. ఆ తరువాత కొన్నేళ్ళకు లావాదేవీలు డాలర్లలో కాక రూపాయలలో జరిగే పద్ధతి వచ్చింది. మన పొగాకుకూ, తేయాకుకూ సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారు. ప్రభుత్వాలు కూర్చుని ఎంత సరుకో ముందే నిర్ణయించేవి గనుక వ్యాపారులకు నిశ్చింతగా ఉండేది. 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. ఒప్పందం మీద సంతకం చేసిన దేశం పటంలో లేనప్పుడు సరుకు ఎవరికి పంపాలి, డబ్బు ఎవరినడగాలి? పాత బాకీల లెక్క తేల్చే ఒప్పందం రష్యాతో 1993 జనవరిలో కుదిరేసరికి ఏడాదికి పైగా గడిచింది. ఆ మధ్యకాలంలో దెబ్బతిన్నవారు చేసిన తప్పేమీ లేదు. వారు పంపిన సరుకూ మంచిదే. అయితే నిశ్చింతగా ఉన్న కాలంలో రెండో బేరగాడి మొహం చూసినవారు తక్కువ.

ఇక రొయ్య దగ్గరకు వద్దాం.

మన తీరంలో ఇప్పుడు పెంచేది ప్రధానంగా వన్నామీ. ఇది మన సముద్రపు రొయ్య కాదు. దీని పుట్టిల్లు లాటిన్ అమెరికాకు పడమటి వైపున్న పసిఫిక్ తీరం. మన ప్రభుత్వం 2009లో దీని పెంపకానికి అనుమతి ఇచ్చింది. పదిహేనేళ్ళలో అది టైగర్ రొయ్యను దాదాపు పక్కకు నెట్టేసింది. 2024-25లో మన దేశం నుంచి ఎగుమతి అయిన సముద్ర ఉత్పత్తుల విలువ సుమారు 62,400 కోట్ల రూపాయలు, డాలర్లలో దాదాపు 745 కోట్లు. అందులో ఒక్క అమెరికా కొన్నదే 270 కోట్ల డాలర్లకు పైన. అమెరికాకు వెళ్ళే దాంట్లో పదింట తొమ్మిది వంతులు గడ్డకట్టించిన రొయ్యే.

ఇప్పుడు సుంకాల సంగతి వరసగా చూడండి. మన రొయ్య మీద అమెరికా 2005 నుంచే డంపింగ్ వ్యతిరేక సుంకం వేస్తోంది. 2024 చివరలో, ప్రభుత్వ రాయితీల పేరు చెప్పి, చాలా సంస్థలకు మరో 5.77 శాతం జోడించింది. 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం వచ్చి పడ్డాయి. అన్నీ కలిపితే ఆ రోజున చాలామంది ఎగుమతిదారులకు 58 శాతం దాటింది. అదే సమయానికి మన ప్రధాన పోటీదారు ఈక్వడార్‌కు ఆ కొత్త సుంకం 15 శాతం. పైగా అది అమెరికాకు ఇరుగుపొరుగు లాంటిది, ఓడ రోజుల్లో చేరుతుంది. ఆ శాతాలు తరువాత కూడా మారుతూ వచ్చాయి గనుక వాటిని కంఠస్థం చేయనక్కరలేదు. గమనించవలసినది వేరే ఉంది. చమురు కొన్నది శుద్ధి కర్మాగారాలు, దెబ్బ తగిలినది రొయ్యకు. ఈ రెండింటికీ వ్యాపారంలో ఏ చుట్టరికమూ లేదు, రాజకీయంలో మాత్రమే ఉంది.

సుంకం ఎవరు కడతారు? చట్టప్రకారం దిగుమతి చేసుకునేవాడు కట్టాలి. కాని అమ్మకం షరతుల్లో సుంకంతో సహా గుమ్మం దాకా చేరవేస్తామని మనవాడు ఒప్పుకొని ఉంటే ఆ భారం మనవాడిదే. రొయ్యల వ్యాపారంలో ఈ షరతు మీద అమ్మేవారు ఉన్నారు. అలా ఒప్పుకోకపోయినా, కొనేవాడు ఊరుకోడు. వంద రూపాయల సరుకు మీద యాభై రూపాయలు పడితే, దుకాణంలో కొంత పెంచుతాడు, తన లాభంలో కొంత వదులుకుంటాడు, మిగతాది మనవైపు నెడతాడు. మన వైపు కూడా అదే వరస. ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు ఖర్చులు తగ్గించుకోలేడు, కరెంటు బిల్లు తగ్గదు. కాబట్టి అతడు చెరువు దగ్గర ధర తగ్గిస్తాడు, లేదా షెడ్డులో పని తగ్గిస్తాడు. అక్కడ తలకాయలు తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్ళకు చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. సరుకు రాని రోజున కూలి లేదు. సుంకం గురించి పత్రికల్లో కనిపించే లెక్కల్లో వీరి సంగతి ఉండదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

దీనికి కాలం తోడవుతుంది. పిల్ల వదిలిన తరువాత పట్టుబడికి మూడు నాలుగు నెలలు. ఆపైన ప్లాంటులో గడ్డకట్టించడం, కంటెయినర్ ఎక్కించడం, కొలంబోలోనో సింగపూరులోనో ఓడ మారడం, సముద్రం మీద నెలకు పైగా ప్రయాణం. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో హౌతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక, చాలా ఓడలు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా కొసను చుట్టి వెళ్ళాయి. దానితో మరో పది, పధ్నాలుగు రోజులు. అన్నన్ని రోజులూ కంటెయినర్‌కు కరెంటు అందుతూనే ఉండాలి, మన పెట్టుబడికి వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆగస్టు 27 నాటి సుంకం విషయంలో, అప్పటికే ఓడ ఎక్కిన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. అయితే సెప్టెంబరు 17 లోపల అక్కడ కస్టమ్స్ దాటాలన్నారు. అంటే మూడు వారాలు. తూర్పుతీరం నుంచి ఓడ చివరి రోజుల్లో బయలుదేరితే మూడు వారాల్లో చేరేది కాదు. కాగితం మీద దయ చూపినట్లే ఉంది, సముద్రం మీద మాత్రం అది అందరికీ అక్కరకు రాలేదు.

మరి చేయవలసినది ఏమిటి? రేపు ఏ దేశం ఏం చేస్తుందో ముందుగా చెప్పగలమని కొందరు వస్తారు. నా దృష్టిలో వారి మాట వినడం దండగ. అవతలివాడి మనసు ఊహించడం మన పని కాదు. మన సరుకు ఏ ఏ చోట ఒక్క దారం మీద వేలాడుతోందో చూసుకోవడం మన పని. ఇందుకు కావలసినది ఒక కాగితం, ఒక పూట తీరిక. సరుకు ఎవరు కొంటారు, వారు ఎవరికి అమ్ముతారు, చివరికి తినేది లేక కట్టేది ఏ దేశంవారు, డబ్బు ఏ నాణెంలో ఏ బ్యాంకు ద్వారా వస్తుంది, ఓడ ఏ దారిన పోతుంది అని రాసుకుంటూ వెళ్ళండి. అలాగే వెనక్కు కూడా రాయండి. ముడిసరుకు ఎక్కడిది, దానికి ముడిసరుకు ఎక్కడిది అని.

రొయ్యకు ఇలా వెనక్కు రాస్తే ఒక వింత బయటపడుతుంది. మన హేచరీలకు కావలసిన రోగరహిత తల్లిరొయ్యలలో ఎక్కువ భాగం విమానాల మీద విదేశాల నుంచి, ముఖ్యంగా అమెరికా నుంచి వస్తూ ఉండేవి. అంటే కొనే చేయీ అదే, విత్తనమిచ్చే చేయీ అదే. ఇక్కడే తల్లిరొయ్యలను పెంచే ప్రయత్నాలూ, టైగర్ రొయ్య మీదకు మళ్ళీ మళ్ళడమూ, పండుగప్ప వంటి చేపలు వేయడమూ కొందరు చేస్తున్నారు. అవి ఖర్చుతో కూడినవే. కాని రెండు కొసలూ ఒకే చేతిలో ఉన్నాయని తెలిశాక ఆ ఖర్చు అంత ఎక్కువగా కనిపించదు.

గంజాం జిల్లా ఛత్రపురం ఇసుకలోనూ ఇటువంటి పాఠమే ఉంది. అక్కడి ఇసుకలో అరుదైన లోహాలున్న మోనజైట్ ఖనిజం ఉంది, ప్రభుత్వ సంస్థ దానిని తీస్తోంది కూడా. అయినా 2025 ఏప్రిల్‌లో చైనా ఆ లోహాల ఎగుమతికి అనుమతిపత్రాలు పెట్టగానే మన మోటారు కంపెనీలు అయస్కాంతాల కోసం అవస్థ పడ్డాయి. ముడి ఖనిజం మన కాళ్ళ కింద ఉంటే చాలదు, దానిని అయస్కాంతం చేసే మధ్య అంచె కూడా మన దగ్గర ఉండాలి. మీ కాగితంలో ఆ మధ్య అంచెలను వదలకండి.

కొత్త మార్కెట్లు వెతుక్కోండి అని సలహా ఇవ్వడం సులువు. వెతుక్కోవడంలో ఉన్న కష్టం చూడండి. యూరప్ మంచి మార్కెట్టే. 2025 సెప్టెంబరులో అక్కడివారు మన దేశంలో మరో 102 ప్లాంట్ల నుంచి సరుకు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. కాని 2016 నుంచి వారు మన చెరువు రొయ్య సరుకులో సగం లాట్లను నిషిద్ధ మందుల కోసం పరీక్షించే పద్ధతి పెట్టారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటివాటి జాడ కనిపిస్తే కంటెయినర్ వెనక్కే. ఆ మందు వాడింది ప్లాంటు యజమాని కాదు, ఎక్కడో ఒక చెరువులో రోగం చూసి భయపడిన రైతు, దుకాణంవాడి మాట నమ్మి. అంటే రెండో మార్కెట్ అన్నది విదేశీ ప్రదర్శనలో కాదు, చెరువు గట్టు మీద మొదలవుతుంది. కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీలో నమోదు కాని చెరువు సరుకుకు పుట్టుక చెప్పుకోలేరు, పుట్టుక చెప్పలేని సరుకును అక్కడ కొనరు. ఆస్ట్రేలియా కూడా 2017లో తెల్లమచ్చ వ్యాధి భయంతో పొట్టు తీయని మన రొయ్యను ఆపి, 2025 అక్టోబరులో గానీ షరతులతో తలుపు తెరవలేదు. ఎనిమిదేళ్ళు. తుపాను వచ్చాక ఇల్లు కప్పుకోవడం ఎంత కష్టమో, సుంకం పడ్డాక మార్కెట్ వెతకడం అంతే కష్టం.

దేశాల మధ్య ఒప్పందాలు కొంత ఉపకరిస్తాయి. అరబ్ ఎమిరేట్స్‌తో ఒప్పందం 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు చివరి నుంచి అమలులో ఉన్నాయి. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకాలయ్యాయి. షోలాపూరు తువ్వాలుకూ, తిరుపూరు బనియనుకూ ఇవి ముఖ్యం. అయితే రాయితీ దానంతట అది రాదు. సరుకు మన దేశంలోనే తయారైందని మూలధ్రువపత్రం తీసుకోవాలి. నూలు ఎక్కడిది, అల్లిక ఎక్కడ జరిగింది అని నిబంధనలు ఉంటాయి. ఆ కాగితాల పని విసుగని వదిలేస్తే, ప్రభుత్వం కష్టపడి సాధించిన రాయితీ మనకు దక్కదు.

ఇక ఒప్పందపత్రం. చిన్న ఎగుమతిదారులు ధర, తూకం, తేదీ చూసి సంతకం పెడతారు. సుంకం పెరిగితే ఎవరు భరించాలి, ఓడ దారి మారితే అదనపు కిరాయి ఎవరిది, రేవులో సరుకు ఆగితే గిడ్డంగి ఖర్చు ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలో ఉండాలి. ఫలానా శాతం దాటి సుంకం పెరిగితే ధర మళ్ళీ మాట్లాడుకుందాం అన్న ఒక్క వాక్యం చేర్చమని అడగండి. పెద్ద కొనుగోలుదారు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే, ఆ భారం ఎవరి మీద పెట్టాలని అతడు అనుకుంటున్నాడో కనీసం తెలుస్తుంది.

బీమా ఉంది గదా అని కొందరి ధీమా. సముద్రబీమా మామూలు పాలసీలో యుద్ధం చేరదు. దానికి విడిగా క్లాజు తీసుకోవాలి. ఆ యుద్ధ క్లాజును బీమా కంపెనీ ఏడు రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు. అప్పటికే బయలుదేరిన సరుకుకు మాత్రం అది వర్తించదు. ఆలస్యం వల్ల కలిగే నష్టాన్ని కూడా పాలసీ ఇవ్వదు. 1957లో ప్రభుత్వం నెలకొల్పిన ఎగుమతి పరపతి హామీ సంస్థ, మనవాళ్ళు ఇ.సి.జి.సి. అనేది, వేరే రకం రక్షణ ఇస్తుంది. కొన్నవాడు దివాళా తీసినా, ఎగ్గొట్టినా, అతని దేశంలో యుద్ధమో విప్లవమో వచ్చినా, అక్కడి ప్రభుత్వం డబ్బు బయటికి పోనీయకపోయినా, కొత్తగా దిగుమతి నిషేధం పెట్టినా అది నష్టంలో పెద్ద వాటా ఇస్తుంది. దారి మళ్ళడం వల్ల పడిన అదనపు కిరాయికీ అందులో చోటుంది. కాని సుంకం పెరిగి లాభం పోయిందంటే ఏ బీమా తీర్చదు. ఇది ముందే తెలిసి ఉండాలి.

డబ్బు మారకం గురించి కొంచెం. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఎగుమతిదారుకు అది లాభంగా కనబడుతుంది. సుంకం వల్ల పోయినదానిలో కొంత ఇలా తిరిగి వస్తుంది కూడా. కాని అవతలి కొనుగోలుదారు కూడా పత్రిక చదువుతాడు. రూపాయి తగ్గింది గదా, ధర తగ్గించమంటాడు. బ్యాంకుతో ముందస్తు మారకపు ఒప్పందం చేసుకుంటే రేటు నిశ్చయమవుతుంది. అయితే ఆర్డరు రద్దయినా ఆ ఒప్పందం మాత్రం రద్దు కాదు, తేడా మనమే కట్టుకోవాలి. కనుక ఖాయమైన ఆర్డరులో ఒక భాగానికే దానిని వాడటం మంచిదని నా అభిప్రాయం. రూపాయలలోనే వ్యాపారం చేసే దారి 2022 జూలైలో రిజర్వు బ్యాంకు తెరిచింది. బాగానే ఉంది. కాని మనం చమురు విపరీతంగా కొని, వారు మన సరుకు అంతగా కొనకపోవడంతో 2023 నాటికి రష్యా దగ్గర వాడుకోలేని రూపాయలు పేరుకుపోయాయి. అమ్మకం, కొనుగోలు సరితూగకపోతే నాణెం మార్చినంత మాత్రాన సమస్య తీరదు. 1993 నాటి బాకీల కథకు ఇది తిరగేసిన ముఖం.

ప్రమాదం పరాయి రాజధానుల నుంచే వస్తుందనుకుంటే అదీ పొరపాటే. 2023 జూలై 20న మన ప్రభుత్వమే బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలు అదుపులో ఉంచడానికి అది అవసరమనిపించి ఉండవచ్చు. అమెరికాలో తెలుగువారు సోనామసూరి సంచుల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. గంగావతి, సింధనూరు వైపు మిల్లుల్లో మాత్రం ఎగుమతి కోసం పెట్టుకున్న లెక్కలన్నీ తారుమారయ్యాయి. ఆ నిషేధం 2024 సెప్టెంబరు చివరిదాకా సాగింది. అక్కడ దేశంలోనూ అమ్మకం ఉన్నవారు నిలదొక్కుకున్నారు. రొయ్యకు ఆ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే మన దేశంలో వన్నామీ తినేది పండేదానితో పోలిస్తే చాలా కొద్ది. చేపల బజారులో చెరువు రొయ్యను అడిగి కొనేవారు పెరిగితే, విదేశీ సుంకం మీద అది ఏ రాయబారం కన్నా మంచి జవాబు.

ఆపద వచ్చాక ప్రభుత్వం కొంత చేసింది. 2025 నవంబరులో ఎగుమతిదారులకు 20,000 కోట్ల రూపాయల రుణహామీ పథకం ఆమోదించారు. కొన్ని రంగాలవారికి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వాయిదాల చెల్లింపులో వెసులుబాటు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు దారి కల్పించింది. ఎగుమతి డబ్బు రప్పించుకునే గడువు తొమ్మిది నెలల నుంచి పదిహేను నెలలకు పెంచారు. బ్యాంకు ఖాతా ఉన్న ఎగుమతిదారుకు ఇవి అక్కరకు వస్తాయి. చెరువు కౌలుకు తీసుకుని, మేత డీలరు దగ్గర అప్పు తెచ్చుకుని, పట్టుబడి సరుకు అతనికే వేస్తానని మాట ఇచ్చిన రైతు సంగతి వేరు. అతనికి బ్యాంకు లేదు, బీమా లేదు, రెండో బేరగాడు లేడు. మాడపోలం నేతగాడు బయానా తీసుకుని ఎలా కట్టుబడి ఉండేవాడో ఇతడూ అలాగే ఉన్నాడు. ఇటువంటివారు పదిమంది కలిసి సంఘంగా ఏర్పడితే మేత టోకున కొనవచ్చు, చెరువులన్నీ నమోదు చేయించుకోవచ్చు, సరుకు కలిపి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారుల్ని పిలిచి బేరం ఆడవచ్చు. మీరు అటువంటి కౌలురైతు అయితే, వచ్చే పంటకు పిల్ల వదిలేముందు డీలరుతో తేల్చుకోవలసినది ఒకటి ఉంది. అప్పు వడ్డీతో తీర్చేస్తే సరుకు బయట అమ్ముకునే స్వేచ్ఛ ఉందా లేదా? ఉంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి. మేత మొదటి లోడు దిగకముందే.